రెండోసారి కాల్చని అచ్చు

నా కూతురికి ఆరేళ్ళు. నేను దాచుకున్న మాటకి ఏడేళ్ళు. రెంటినీ నేనే మోశాను. కూతుర్ని తొమ్మిది నెలలు మోసి దించాను. ఆ మాటను ఇంకా దించలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళయితే మీ ముఖం చూడాలి. ముఖం చూస్తే నా నోరు పడిపోతుంది. మా ఆయన మిల్లుకి వెళ్ళాడు, పిల్ల బడికి వెళ్ళింది, తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. పట్టపగలు. అయినా ఇప్పటికి రెండుసార్లు లేచి వెళ్ళి గడియ సరిగా పడిందో లేదో చూసి వచ్చాను. ఎవరొస్తారని? ఎవరూ రారు. ఏడేళ్ళలో ఎవరూ రాలేదు. భయానికి ఎవరో రావాలని లేదు కదా.

ఊరి పేరు చెప్పను. శ్రీకాకుళానికి అవతల, ఇత్తడి పనీ కంచు పనీ చేసేవాళ్ళున్న ఊరు అనుకోండి. అక్కడే పుట్టాను. పదిహేనో ఏట పెళ్ళయింది. ఏడాది తిరక్కుండానే మా ఆయన రంగూన్ వెళ్ళాడు. ఆ రోజుల్లో మా వైపు ఓడెక్కిన మనిషి లేని ఇల్లు ఉండేది కాదు. మొదట్లో ఉత్తరాలొచ్చేవి. తర్వాత తగ్గాయి. నేను అమ్మ దగ్గరే ఉండిపోయాను. ఊరికే కూర్చుని తినలేక మా వీధి చివర ఉన్న కొలిమి సాలలో మట్టి పిసికే పనికి కుదిరాను.

సాల యజమానిని అందరం పెద్దమావ అనేవాళ్ళం. చుట్టరికం లేదు, వయసుకి ఆ పిలుపు. ఆయన కొడుకుని సూరన్న అంటాను. అది అసలు పేరు కాదు. కొలిమి దగ్గర తండ్రీ కొడుకులు. మట్టి దగ్గర నేనూ, అసిరమ్మ అనే ఆవిడా. అసిరమ్మ మాత్రం అసలు పేరే. అందరి పేర్లూ దాచాను, నా పేరూ దాచాను. ఆమె పేరు దాచే హక్కు నాకు లేదు.

అసిరమ్మ నాకంటే పదేళ్ళు పెద్దది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. సాలకి ఆనుకుని ఉన్న పాకలో ఒక్కతే ఉండేది. అచ్చులు కాల్చడం ఆమె పని. మంట ఎంత ఉండాలో, పిడకలు ఎటునుంచి పేర్చాలో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నన్ను "అమ్మీ" అనేది. తన గంజిలో సగం నాకు పోసేది.

నాకు మైనం పని పట్టుబడింది. ఎలా పట్టుబడిందో చెప్పలేను. పెద్దమావ ఒకరోజు మైనం ముద్ద చేతిలో పెట్టి ఏదైనా చెయ్యమన్నాడు. బీరతీగ చేశాను. మెలి తిరిగిన నులితీగలతో సహా. ఆయన దాన్ని కళ్ళకి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. కొలిమి ముందు నలభై ఏళ్ళు కూర్చున్న కళ్ళు, అప్పటికే మసకబారాయి. మర్నాటి నుంచి నగిషీ పని నాకు వచ్చింది. బిందెల మీద పేర్లు కొట్టడానికని అక్షరాలు కూడా ఆయనే నేర్పాడు. ఇప్పుడు మీకు రాస్తున్నవి ఆ అక్షరాలే.

ఆ నాలుగేళ్ళూ నేను సుఖపడ్డాను. మొగుడు బతికున్నాడో లేదో తెలియని దాన్ని సుఖపడ్డానని రాస్తే మీరేమనుకుంటారో. నిజం అదే. పొద్దున్న సాల తడిక తీసేసరికి వచ్చే వాసన ఉండేది, మైనం, ఊక, నిన్నటి బూడిద, అన్నీ కలిసినది. ఆ వాసన తగిలితే నాకు ఇంకేమీ గుర్తుండేది కాదు. మొగుడు కూడా.

ఇప్పుడు పని గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసిందేమిటో మీకు తెలియదు. గంట చెయ్యాలంటే ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. దాని మీద మైనం, మైనం మీద నగిషీ. ఆపైన మళ్ళీ మట్టి. అది నీడన ఆరాక పిడకల మంటలో కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. మైనం ఖాళీ చేసిన చోటులోకి కాగిన కంచు పోస్తారు. ఎండాకాలంలో ఒకసారి కాలిస్తే చాలు. వాన పట్టిందంటే రెండోసారి కాల్చి తీరాలి. ఎందుకంటే మట్టి లోపల ఎక్కడో చెమ్మ మిగిలిపోతుంది. ఆ చెమ్మకి కాగిన కంచు తగిలితే ఏమవుతుందో పెద్దమావ నాకు మొదటి నెలలోనే చెప్పాడు. తెలియక చేశానని అనుకోవడానికి నాకు వీల్లేదు. ఎన్నోసార్లు అనుకోబోయాను. వీల్లేదు.

చెమ్మ పట్టడం కూడా నాకే బాగా వచ్చు. అచ్చుకి చెంప ఆనిస్తే చాలు, తెలిసిపోయేది. పెద్దమావ కళ్ళు ఆనక, పోత పోసే ముందు నన్నడిగేవాడు. నేను సరే అంటేనే కంచు కాగే మూస దించేవారు.

రంగూన్ మీద బాంబులు పడ్డాయన్నారు. అక్కడి మనవాళ్ళు అడవుల్లో పడి నడిచి వస్తున్నారన్నారు. కొందరు వచ్చారు, చాలామంది రాలేదు. మా అమ్మ రోజూ వీధి గుమ్మంలో కూర్చునేది. నేను సాలకి వెళ్ళిపోయేదాన్ని. ఆ ఏడు తొలకరిలో ఏదో ఊరి గుడికి పెద్దగంట కావాలని వచ్చారు. యుద్ధంతో కంచు దొరకడం లేదు. ఊరంతా పగిలిన గిన్నెలూ చెంబులూ పోగేసి తెచ్చారు. పెద్దమావ నన్ను పిలిచి, "దీని మీద నీ బీరతీగ పెట్టే అమ్మీ" అన్నాడు.

పన్నెండు రోజులు పట్టింది ఆ తీగ. అంత పెద్దది నేనెప్పుడూ చెయ్యలేదు. మైనం మీద ఆఖరి నులితీగ తిప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. మట్టి కప్పేస్తాం కదా. మళ్ళీ కంచులో కనిపించేదాకా అది ఉందో లేదో ఎవరికీ తెలియదు.

పెద్దగంటతో పాటు రెండు చిన్నగంటల అచ్చులు కూడా ఉన్నాయి. మూడింటినీ ఒకసారి కాల్చాం. ఆ వెంటనే వాన పట్టింది. ఒక రోజు తెరిపిచ్చింది. అసిరమ్మకి అప్పటికే చలిజ్వరం. వణుకుతూనే చిన్నగంటలు రెండూ రెండోసారి కాల్చింది. మధ్యాహ్నం దాటేసరికి నిలబడలేకపోయింది. పళ్ళు టకటకలాడుతున్నాయి, ఏదేదో మాట్లాడుతోంది. భుజం పట్టుకుని పాకకి తీసుకెళ్ళి పడుకోబెట్టాను. పెద్దగంట సంగతి నేను చూసుకుంటానని చెప్పాను. స్పష్టంగా చెప్పాను. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. విన్నదో లేదో నాకు తెలియదు.

తిరిగొచ్చి పిడకలు పేర్చడం మొదలుపెట్టాను. నాలుగు వరసలు పేర్చాను. అప్పుడు మా అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. కొప్పు ఊడిపోయింది, చెప్పులు లేవు. నా మరిది వచ్చాడట. మా ఆయన బతికే ఉన్నాడట. నడిచీ నడిచీ, ఎవరో రైలెక్కిస్తే, నెల్లిమర్లలో ఉన్న అక్క ఇంటికి చేరాడట. లేచి కూర్చునే స్థితిలో లేడు, నన్ను తీసుకురమ్మన్నాడు. ఎల్లుండి తెల్లారగానే బండి కట్టాలి.

పిడకలు అలాగే వదిలేసి ఇంటికి పోయాను. సంతోషంతో పోయానని ఊరు అనుకుంది. నాకు మా ఆయన ముఖం సరిగా గుర్తు కూడా లేదు. సంతోషం ఉందా? ఉందేమో. అంతకంటే ముందు రోజులు లెక్కపెట్టుకున్నాను. ఎల్లుండి. అంటే ఇంక ఒక్క రోజు. నా గంట?

మళ్ళీ వెళ్ళి మంట వేద్దామనుకున్నాను. ఇంటి నిండా జనం. పొద్దు వాలకముందే వాన అందుకుంది. పేర్చిన పిడకలు తడిసిపోయాయి.

మర్నాడు పొద్దున్నే సాలకి వెళ్ళాను. ఎవరూ రాకముందే తడిసిన పిడకలు తీసి పక్కన వేసి, పెద్దగంట అచ్చుకి చెంప ఆనించాను. చల్లగా ఉంది. తెలిసిపోయింది. మళ్ళీ ఆనించాను, రెండో చెంప. రెండో చెంప వేరే మాట చెబుతుందనుకున్నానా?

కాల్చాలంటే ఒక పూర్తి రోజు. చల్లారి పోత పోసేసరికి ఇంకో రోజు. అప్పటికి నేను ఉండను. ఆ గంట మట్టి పగిలి బయటికి రావడం నేను చూడను. నా తీగ పడిందో లేదో తెలియకుండా వెళ్ళిపోవాలి, ఇక జన్మలో సాల గుమ్మం తొక్కను, ఎందుకంటే మొగుడొచ్చిన ఆడది పరాయి కొలిమి దగ్గర మట్టి పిసకదు. ఇదంతా నేను ఆలోచించి తూచి చూశానని అనుకోకండి. ఒక్క క్షణంలో అయిపోయింది. కాదు, అదీ అబద్ధమే. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా నాకు టైము ఉంది. ఎన్నిసార్లయినా నోరు తెరిచి చెప్పొచ్చు. సూరన్న పక్కనే తిత్తి ఊదుతున్నాడు.

కంచు కాగింది. పెద్దమావ నా వైపు తిరిగి ఎప్పుడూ అడిగేదే అడిగాడు, రెండోసారి కాల్చారా అని. కాల్చామన్నాను. చెంప పెట్టి చూశావా అన్నాడు. చూశాను, పొడిగా ఉందన్నాను. ఆయన తల ఊపాడు.

ఇప్పుడు రాయబోయేది అన్నిటికంటే కష్టం. సూరన్న పట్టకారుతో మూస ఎత్తాడు. అప్పుడు నేను రెండడుగులు వెనక్కి వేశాను. ప్రతి పోతకీ నేను అచ్చు పక్కనే నిలబడేదాన్ని, ముందుకి వంగి. ఆ రోజు నా కాళ్ళు వాటంతట అవే వెనక్కి జరిగాయి. చెమ్మ మాటేదో నా మనసుకి తెలియలేదని నేను దేవుడి ముందు వాదించినా, నా కాళ్ళకి తెలుసు. మరి కాళ్ళకి తెలిసినప్పుడు నోటికెందుకు తెలియలేదు? నువ్వు కూడా జరుగు అని సూరన్నతో ఎందుకనలేదు?

ముందు సన్నగా సలసల శబ్దం వచ్చింది. తర్వాత ఢామ్మంది. కాగిన కంచు ఊట ఎగసినట్టు పైకి లేచింది. సాల కప్పు అంటుకుంది. ఎవరో అరుస్తున్నారు. సూరన్న రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని నేల మీద దొర్లుతున్నాడు. నా మీద ఒక్క చుక్క పడలేదు.

సూరన్న బతికాడు. కుడికన్ను పోయింది. ముఖం ఒక పక్క, ఛాతీ కాలిపోయాయి. ఆ తర్వాత అతను మళ్ళీ మూస పట్టలేదు.

ఆ సాయంత్రం వైద్యుడు లోపల ఉండగా, వాకిట్లో అందరూ గుమిగూడారు. ఎవరు కాల్చారన్న మాట వచ్చింది. అచ్చుల కాల్పు ఎప్పుడూ అసిరమ్మదే కదా అన్నారెవరో. పెద్దమావ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. తల దించితే అవునన్నట్టే. ఆయనే నన్ను వెనకేసుకొచ్చాడు కూడా.

"ఆ ఆడగుంట సెంపకి పైతడే తెలుస్తాది. లోపల సంగతి కాల్సినోళ్ళకి తెలియాల" అన్నాడు.

అసిరమ్మ జ్వరంతో పాకలో పడి ఉంది. ఎవరో వెళ్ళి, రేపట్నుంచి రావొద్దని చెప్పొచ్చారు. పెద్దమావ తిట్టలేదు. తిట్టే మనిషి కాడు. కానీ ఊరు తిట్టింది. పాక వాకిట్లో నిలబడి మరీ తిట్టారు. మా ఇంటికి వినిపించింది.

తెల్లారింది. బండి వచ్చింది. ఆ కష్టంలో కూడా పెద్దమావ సాల వాకిలి దాకా వచ్చాడు. నేను మైనం చెక్కే కొమ్ముపుల్ల తెచ్చి చేతిలో పెట్టి, "ఇది నీది" అన్నాడు. ఏడ్చాను. పని వదల్లేక ఏడుస్తోందనుకున్నారు. మొగుడు దక్కిన వేళ ఏడవకూడదని ముసలమ్మలు మందలించారు. నిజానికి నాకు ఒకటే తొందర. ఎద్దులు కదలాలి. బండి ఊరు దాటాలి.

కదలబోతుంటే అసిరమ్మ వచ్చింది. దుప్పటి కప్పుకుని, తడిక పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ. బండి చక్రం పట్టుకుని నిలబడింది. ఇక్కడ మాట్లాడిన మాటలు మార్చకుండా రాస్తాను. ఏడేళ్ళుగా రోజూ వింటున్నాను, మరిచిపోయే వీలు లేదు.

"అమ్మీ, ఒక్క మాట సెప్పి ఎల్లు" అంది.

"ఏటి అసిరమ్మా?"

"జొరంలో నాకు ఏటీ గ్యాపకం నేదు. సిన్నగంటలు కాల్సినాను. అది తెలుసు. పెద్దగంట కూడా కాల్సినానా, నేదా? నువ్వు పక్కనే ఉన్నావు గదా. నాను కాల్సినానని సెప్పు. పెద్దమావ కాళ్ళు పట్టుకుంటాను."

"నాను సూడనేదు."

"సూడనేదా?"

"సూడనేదు అసిరమ్మా. నాను ముందే ఇంటికెల్పోయినాను."

ఆమె నన్ను అలాగే చూసింది. అనుమానంగా కాదు. తనలోకి తాను వెతుక్కుంటున్నట్టు. "అయితే కాల్సనేదేమో. నానే మర్సిపోనాను గావాల" అంది, తనతో తనే అనుకున్నట్టు. చక్రం వదిలేసింది. మరిది ఎద్దుల్ని అదిలించాడు.

చూశారా? పెద్దమావతో కాల్చామన్నాను. అసిరమ్మతో చూడలేదన్నాను. రెండు అబద్ధాలకీ పొసగదు. ఆ ఊళ్ళో ఏ ఇద్దరైనా కూర్చుని, నాతో ఇలా అంది, నాతో ఇలా అంది అని చెప్పుకుంటే చాలు, అంతా బయటపడుతుంది. నా ఏడేళ్ళ భయం ఇదే. వాళ్ళు చెప్పుకుంటారు. ఇవాళ కాకపోతే రేపు. ఏదో ఒక కళ్ళం దగ్గరో, చావు ఇంట్లోనో. చెప్పుకోరు అని నాకు నేనే ధైర్యం చెప్పుకునేదాన్ని. అసిరమ్మ మాటకి ఇప్పుడు ఎవరు చెవినిస్తారు? ఆ ధైర్యం ఎంత నీచమైనదో అర్థమయ్యేసరికి మళ్ళీ భయం.

నెల్లిమర్లలో మా ఆయన మంచం మీద ఎముకల పోగులా ఉన్నాడు. మూడు నెలలకి లేచాడు. తర్వాత నార మిల్లులో పని దొరికింది. కొమ్ముపుల్లని నేను మొదటి వారంలోనే చంపావతి ఏట్లో పారేశాను. ఇంట్లో ఉంటే ఎవరైనా అడుగుతారని. మా ఆయన నా పని గురించి ఒకసారి అడిగాడు. మట్టి పిసికేదాన్నని చెప్పి ఊరుకున్నాను. ఆయన దారిలో ఏం చూశాడో, ఎవర్ని వదిలి నడిచాడో నేనూ అడగలేదు. ఆయన కూడా ఏదైనా మోస్తున్నాడేమో. ఒక కప్పు కింద ఇద్దరం ఒకరినొకరం అడక్కుండా బతుకుతున్నాం. అడగకపోవడాన్ని మా ఇరుగుపొరుగు అన్యోన్యమంటారు.

పిల్ల పుట్టింది. ఏడాదిన్నర వయసులో కళ్ళకలక వచ్చింది. రెప్పలు అతుక్కుపోయి, వాచి, తెరవలేకపోయింది. అందరి పిల్లలకీ వచ్చేదే. నాకు మాత్రం సూరన్న కన్ను గుర్తొచ్చింది. కన్నుకి కన్ను. లెక్క తీర్చుకోవడానికి వచ్చిందనుకున్నాను. మూడు రోజులు పిల్లని ఒళ్ళోంచి దించలేదు. దీని కళ్ళు దక్కితే వెళ్ళి నిజం చెప్పేస్తానని మొక్కుకున్నాను. కళ్ళు దక్కాయి. నాలుగో రోజు పొద్దున్న పిల్ల నన్ను చూసి నవ్వింది. నేను వెళ్ళలేదు. దేవుడితో కూడా మాట తప్పాను.

ఆ తర్వాత వచ్చిన శివరాత్రికి పిల్లనెత్తుకుని రామతీర్థం వెళ్ళాను. నెల్లిమర్లకి దగ్గరే. జనంతో కొండదారి కిటకిటలాడుతోంది. మెట్లెక్కుతుంటే వెనక నుంచి ఎవరో కొంగు లాగారు.

"ఓలమ్మ, నువ్వటే అమ్మీ!"

అసిరమ్మ. సగమైపోయింది. కాళ్ళకి చెప్పుల్లేవు, మడమలు పగిలి నెత్తురు కారుతున్నాయి. పారిపోదామంటే పైకీ కిందికీ జనం. తెలిసిపోయింది, నాకోసమే వచ్చింది అనుకున్నాను. ఆమె పిల్ల గడ్డం పుణికి నవ్వింది. ఏటేటా శివరాత్రికి తమ ఊరి నుంచి నడిచే వస్తోందట. దారిలో రెండు మకాములు. కూలి దొరికిన చోట నాట్లు, కోతలు. ఊళ్ళో ఎవరూ పనికి పిలవరు.

"సూరన్న కన్ను నా సేతుల్తో తీసినట్టే గదా. ఆ సామికి సెప్పుకుందారని వస్తన్నాను" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఆ దినం నువ్వు నిజం సెప్పీసుంటే నన్ను బతకనిచ్చీవోరు కాదు. నాను కాల్సనేదని నీకు తెలుసు. తెలిసీ సూడనేదన్నావు. నన్ను కాసినావు. నీ పున్నెం మర్సిపోను."

నేను చేసిన ద్రోహాన్ని ఆమె దయ అనుకుంది. ఇన్నేళ్ళూ నన్ను దీవిస్తూ బతికింది. నా నోరు తెరుచుకుంది. మాట గొంతు దాకా వచ్చింది, ఇది మాత్రం నమ్మండి. పక్కన జనం. ఎవరో నూనె దీపాలు అమ్ముకుంటున్నారు. పిల్ల ఏడుపు అందుకుంది. పొద్దు పోతోంది, వెళ్తానన్నాను. అంతే అన్నాను. స్వామిని చూడకుండానే కొండ దిగిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె పైకెక్కింది, చెయ్యని తప్పు ఒప్పుకోవడానికి. చేసినదాన్ని నేను కిందికి దిగాను.

మరుసటి ఏడు శివరాత్రికి నేను ఇల్లు కదల్లేదు. ఆపైన కూడా. ప్రతి ఏడూ ఆ రోజున తలుపు వేసుకుని కూర్చునేదాన్ని. మా వీధి గుండానే యాత్రకి పోతారు. అడుగుల చప్పుడు వింటూ, వాటిలో ఆమెవి ఏవో గుర్తుపట్టాలని చూసేదాన్ని. గుర్తుపట్టి ఏం చేద్దామని? ఏమో.

కిందటి నెల మా వైపు నుంచి ఇత్తడి సామాన్ల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె వచ్చింది. ఊరి పేరు చెప్పింది. నేను ఆ ఊరి పిల్లనని చెప్పలేదు. గిన్నె ఒకటి అటూ ఇటూ తిప్పి చూస్తూ, ఏమీ ఎరగనట్టు, అక్కడ అసిరమ్మ అని ఉండాలి అన్నాను. ఆమె గంప సర్దుకుంటూ, "సచ్చిపోనాది గదా. ఈ వానలకి మళ్ళీ జొరం వచ్చింది. సూసీవోళ్ళు లేరు. సూరన్నకి సెప్పండి, సూరన్నకి సెప్పండి అని పలవరించిందట" అంది. ఏం చెప్పమందో ఆమెకి తెలియదు.

అప్పుడు నాకేమనిపించిందో రాస్తాను. దీనికోసమే ఇంత రాశాను. ఊపిరి తేలిక పడింది. పోయింది, ఇక ఆ రెండు మాటలూ కలిపి చూసేవాళ్ళు లేరు అనిపించింది. ఒక్క క్షణం. నాకు గంజి పోసిన మనిషి దిక్కులేకుండా చచ్చిపోయిందని విని, నేను తేలిక పడ్డాను. ఆ తర్వాత వచ్చిన భయం లాంటిది నాకు ఈ ఏడేళ్ళలో ఎప్పుడూ రాలేదు. ఇన్నాళ్ళూ ఎవరైనా కనిపెడతారని భయపడ్డాను. ఆ రోజు నన్ను చూసి నేనే భయపడ్డాను. చేతిలో గిన్నె కింద పడింది. ఒంట్లో బాగోలేదని చెప్పి ఆమెని పంపేశాను.

పెద్దమావ అంతకు మూడేళ్ళ ముందే పోయాడని కూడా ఆమే చెప్పింది. సూరన్న ఉన్నాడు. ఒంటి కన్నుతో సంతలో చెంబులు అమ్ముతున్నాడు. ఇప్పటికీ అసిరమ్మ చేతుల మీదే తన కన్ను పోయిందనుకుంటున్నాడు. అతనికి ఈ కాగితం పంపాలా? పంపితే మా ఆయనకి తెలుస్తుంది, పిల్లకి తెలుస్తుంది. పంపాలనే ఉంది. పంపుతానని మీకు మాట ఇవ్వను. నా మాటలు ఎలాంటివో మీరు చూశారు.

క్షమించమని కూడా అడగను. మీకు ఆ హక్కు లేదు. ఉన్నవాళ్ళు ఒకరు చచ్చిపోయారు, ఇంకొకరికి సంగతి తెలియదు.

మిల్లు కూత వినిపించింది. మా ఆయన వస్తాడు. ఆయనకి చదువొచ్చు. రాసేటప్పుడు అనుకున్నాను, అయిపోగానే చింపి పొయ్యిలో పెట్టేద్దామని. పొయ్యి రాజుకునే ఉంది. అడుగుల చప్పుడు కోసం చెవులు వీధిలోనే ఉన్నాయి. ఇంతకుముందు ఎంత భయపడ్డానో ఇప్పుడూ అంతే భయపడుతున్నాను. కానీ లేచి తలుపు గడియ తీశాను. కాగితాలు పీట మీదే ఉంచాను. ఎవరూ లేని ఇంట్లో, మొదటిసారి, గొంతు పైకి తెచ్చి అన్నాను.

"అసిరమ్మ తప్పు కాదు. నాను సేసినాను."

ఆ గొంతు నాదేనా అనిపించింది. మళ్ళీ అన్నాను.